నాలుగు మూలల పసుపు

నా కన్ను మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. దిష్టి కన్ను కాదు లెండి, వంకలు పట్టే కన్ను. గోడ మీద క్యాలెండరు వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా నాకు అన్నం సయించదు. చుట్టాల ఇంటికి వెళ్తే ముందు వాళ్ళ గోడల మీది ఫోటోలు సరిచేసి, ఆ తరవాత కుశలప్రశ్నలు వేస్తాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినని మా ఆయన అంటారు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను కాబట్టి ఇప్పుడది నాకు బిరుదులాగే వినిపిస్తోంది.

తప్పు నాది కాదు, నేను చేసే పనిది. నేను శుభలేఖలు తయారుచేస్తాను. అమలాపురంలో ఒక ప్రెస్సులో పదిహేనేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇప్పుడు కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, ఇంట్లోనే కూర్చుని కార్డు తయారుచేసి పంపిస్తే ప్రెస్సువాళ్ళు అచ్చేసుకుంటారు. శుభలేఖకి పైన మధ్యలో వినాయకుడు ఉండాలి. మధ్యలో అంటే మధ్యలోనే. ఒకసారి ఐదువందల కార్డులు అచ్చయ్యాక చూస్తే స్వామి కుడిపక్కకి పిసరంత జరిగి ఉన్నాడు. మళ్ళీ వెయ్యాల్సిందేనని పట్టుబట్టాను.

"పెళ్ళివారు స్కేలు పట్టుకుని వస్తారామ్మా?" అని ప్రెస్సు యజమాని తల పట్టుకున్నారు.

"వాళ్ళు రారండి. కానీ నాకు కనపడుతోంది కదా" అన్నాను.

మళ్ళీ వేశారు. ఆ కోపం ఆయనకి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా చిక్కు కార్డులు, అంటే రెండువైపులా తాతలూ ముత్తాతలూ పేర్లు పడాల్సినవీ, మేనమామలు అలిగే ప్రమాదం ఉన్నవీ అన్నీ నాకే పంపిస్తారు.

ఇలాంటి నా చేతికి ఎన్నడూ కొత్త కంప్యూటరు రాలేదు. ప్రెస్సులో ఉన్నది నాకంటే ముందు చేరింది. ఇంటికొచ్చాక మా తమ్ముడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ దొరికింది. కొన్నాళ్ళకి దాని మూత కీలు విరిగింది. మూత వెనక్కి పడిపోకుండా కందిపప్పు డబ్బా ఆనించి పనిచేసేదాన్ని. పప్పు తగ్గేకొద్దీ డబ్బా తేలికై జరిగిపోయేది, సరిగ్గా వధువు పేరు టైపు చేస్తుండగా మూత వెల్లకిలా పడేది. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో కందిపప్పు నిండుకున్న రోజు లేదు.

ఒకరోజు అది కూడా కన్నుమూసింది. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ఈసారి ఒకరు వాడినది వద్దు, నా సంపాదనతో నా పేరు మీద కొత్తదే కొనుక్కుంటాను అని ఇంట్లో ప్రకటించాను. ఆలోచిస్తే నా కోసం నేను ఎంచుకుని కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అదే. పెళ్ళిచీర కూడా మా పిన్ని ఎంచినదే, దాని అంచు రంగు నాకు ఇప్పటికీ నచ్చదు. అందుకే ఈ ఒక్కటైనా ఏ వంకా లేకుండా రావాలని గట్టిగా కోరుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం పెట్టె వచ్చింది. నాకంటే ముందు మా అత్తయ్యగారు సిద్ధమయ్యారు. డెబ్బై దాటిన మనిషి. ఒక కంటికి శుక్లం తీయించాం, రెండోదానికి "ఒకటి చాల్లెద్దూ" అని వాయిదా వేస్తున్నారు. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టడం ఆవిడ శాఖ. నీళ్ళ మోటారు, మిక్సీ, మా ఆయన బండి, చివరికి గ్యాసు సిలిండరుకి తగిలించే రెగ్యులేటరు కూడా ఆవిడ చేతి మీదుగానే ఇంట్లో మనిషి అయింది. ఆ వేళ కూడా పసుపు గిన్నె పట్టుకుని నా వెనకే నిలబడ్డారు.

"ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యగారూ, ముందు చూసుకోనివ్వండి" అన్నాను.

పెట్టె విప్పాను. వెండి రంగు, పలకలా పలచగా ఉంది. పట్టుకుంటే చల్లగా ఉంది. నిజం చెప్తున్నాను, ఆ మొదటి రెండు నిమిషాలూ నాకు కళ్ళు చెమర్చాయి. మూడో నిమిషంలో నా పాడు కన్ను పని మొదలుపెట్టింది. మూతకి పై రేకూ, లోపల తెర చుట్టూ ఉండే నల్లటి అంచూ కలిసే చోట, ఎడమచేతి పై మూలలో, సందు ఉంది. గోరు పెట్టి చూశాను, గోరు ఆగింది. బల్ల మీద నమూనా శుభలేఖ ఒకటి ఉంటే దాని అంచు పెట్టి చూశాను. కుడి మూలలో దూరలేదు. ఎడమ మూలలో సుఖంగా దూరింది. మళ్ళీ తీశాను, మళ్ళీ దూర్చాను. ప్రతిసారీ దూరింది.

"ఏమైందమ్మా, పన్జెయ్యట్లేదా?" అన్నారు అత్తయ్యగారు.

"పనిచేస్తోందండి."

"మరి?"

"సందుందండి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మూత మీద వేలు పెట్టి తడిమి, "ఎక్కడా?" అన్నారు. నాకు వివరించే ఓపిక లేకపోయింది. దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. పసుపు గిన్నె వచ్చిన దారినే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మూడు రోజులు ఫోనుతోనే సరిపోయింది. వస్తువు వెనక్కి తీసుకోవడానికి వారం గడువు. కంపెనీవాళ్ళ నంబరుకి చేస్తే ఒక అమ్మాయి ఫోటో పంపమంది. పంపాను. నల్లటి అంచు పక్కన నల్లటి సందు ఫోటోలో ఏం కనపడుతుంది? వరండాలో తీశాను, పెరట్లో కొబ్బరి చెట్ల నీడలో తీశాను, టార్చిలైటు వేసి తీశాను. నలభై ఫోటోలు అయ్యాయి. ప్రతిదానికీ ఒకటే జవాబు, "మాకేమీ కనపడటం లేదు మేడమ్." ఆఖరికి శుభలేఖ దూర్చి వీడియో తీసి పంపాను. ఇది పైపై రూపుకి సంబంధించిన విషయమేననీ, పనితీరుకి ఏ ఇబ్బందీ లేదనీ ఆ అమ్మాయి ఎంతో నెమ్మదిగా చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. "నీ పెళ్ళిచీర అంచు చిరిగి వచ్చిందనుకో, కట్టుకోవడానికి ఇబ్బంది లేదు కదా అని కట్టేసుకుంటావా అమ్మా?" అన్నాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. పాపం, ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరి ఉంటుందేమోనని తరవాత అనిపించింది.

ఇంట్లో నాకు మద్దతు లేదు. మా ఆయనకి రావులపాలెం అరటి మార్కెట్లో కమీషను కొట్టు. పొద్దుటి నుంచీ గెలల మీద మచ్చలు చూపించి బేరమాడేవాళ్ళతో వేగి వస్తారు.

"అక్కడ వాళ్ళు, ఇక్కడ నువ్వు. మచ్చలున్న పండే తీపని ఎన్నిసార్లు చెప్పేను?" అన్నారు.

"పండు రెండ్రోజులుంటుందండి. ఇది నాతో ఏళ్ళ తరబడి ఉండాలి."

"ఇరవై ఏళ్ళనించి నేను లేనూ? నాకెన్ని సందులున్నాయో!"

"మిమ్మల్ని వెనక్కి పంపడానికి వారం గడువు ఇవ్వలేదు కదండీ" అన్నాను. ఆయన నవ్వుకుంటూ స్నానానికి వెళ్ళిపోయారు.

నా పోరు పడలేక బుధవారం సాయంత్రం కంపెనీవాళ్ళు దిగివచ్చారు. శుక్రవారం మనిషిని పంపిస్తామనీ, ఆయన స్వయంగా చూసి రాసిన మాటే ఆఖరి మాటనీ చెప్పారు. ఆయన కాదంటే ఆ సందుతోనే నేను బతకాలి. వస్తువుని పెట్టెలోంచి తియ్యకుండా, ఉన్నదున్నట్టు ఉంచమని మరీ మరీ చెప్పారు. నేను ఆ మాట మా ఆయనకి చెప్పాను. అత్తయ్యగారికి చెప్పాలని తోచలేదు.

గురువారం ప్రూఫులు చూడ్డానికి అమలాపురం వెళ్ళి, సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి బల్ల మీద కొత్త జాకెట్టు గుడ్డ పరిచి ఉంది. దాని మీద నా ల్యాప్‌టాప్. నాలుగు మూలలా పచ్చగా పసుపు, మధ్యలో ఎర్రగా కుంకుమ బొట్టు, పక్కన ఒక మందార పువ్వు. చూడ్డానికి ఎంత కళగా ఉందో, నా గుండె అంతగా జారిపోయింది.

అత్తయ్యగారు నవ్వుతూ వచ్చారు. "నాలుగ్రోజులనించి అది పెట్టెలో, నువ్వు మొహం వేలాడేసుకుని గదిలో. పసుపు పడలేదు కాబోలు, అంచేతే నీకు మనసు పట్టట్లేదని ఇవాళ గురువారం మంచిదని నేనే తీసేను. నువ్వు శుభలేఖలు రాసుకునేది కదా, శుభలేఖకి రాసినట్టే నాలుగు మూలలా రాసేను."

మా వైపు శుభలేఖ ఎవరికైనా ఇచ్చే ముందు నాలుగు మూలలా పసుపు రాస్తారు. ఆవిడ లెక్క ఆవిడకి సరిగ్గానే ఉంది. నా నోరే సరిగ్గా లేదు.

"మిమ్మల్నెవరు రాయమన్నారండీ? రేపు మనిషొచ్చి చూస్తే, వాడేసేరు, మరకలు పడ్డాయి, తీసుకోం అంటారు. మొత్తం పాడుచేసేరు!"

అన్నాక నాకే వినిపించింది ఎంత పెద్దగా అన్నానో. ఆవిడ నవ్వు ముఖం మీద అలాగే ఉండి, మెల్లిగా పోయింది. "నాకు తెలీదమ్మా" అన్నారు. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళారు. తడిగుడ్డతో తుడిస్తే పసుపు ఇంకా లోపలికి దిగుతుందన్న భయంతో నేను దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు శుక్రవారం. నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఏ శుక్రవారమూ మా వీధి గడపకి పసుపు లేకుండా తెల్లారలేదు. రాయడం ఆవిడే రాస్తారు. ఈ మధ్య చెయ్యి వణుకుతుంది కాబట్టి ఆ పసుపు మీద పెట్టే బియ్యప్పిండి గీతలు కాకర తీగలా వంకర్లు పోతుంటాయి. ఆ వేళ గడప పొడిగా ఉంది. ఆవిడ పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"అత్తయ్యగారూ, గడప..." అన్నాను.

"నువ్వే రాసెయ్యమ్మా. నా కంటికి ఏదీ ఆనదు. ఎక్కడేది పాడుచేస్తానో." మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నేనే రాశాను. గీతలు తిన్నగా, చుక్కలు సమదూరంలో, కొలిచి పెట్టినట్టు వచ్చాయి. లేచి చూస్తే ఆ గడప ఎవరింటిదోలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి ఒక మాట అనేస్తే సరిపోయేది. ఇరవై ఏళ్ళు ఒక వంటింట్లో తిరిగినవాళ్ళం, క్షమించండి అని ఎలా అనాలో నాకు తెలియలేదు. కాఫీలో పంచదార సరిపోయిందా అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.

పదకొండు గంటలకి రావులపాలెం నుంచి కంపెనీ మనిషి బండి మీద వచ్చాడు. నా వయసువాడే, బొజ్జ, హెల్మెట్టు, భుజాన సంచి.

"ఆయ్, ల్యాప్‌టాప్ కంప్లైంటు ఇచ్చింది తమరేనాండి?" అంటూ కూర్చుని, బల్ల వైపు చూసి ఆగిపోయాడు. "ఇదేంటండీ, పూజ కూడా అయిపోయిందా?"

నేను నోరు విప్పేలోగా పెరటి గుమ్మంలోంచి అత్తయ్యగారు చింతపండు చేతులతోనే వచ్చేశారు. "నేనే రాసేను బాబూ. మా కోడలు ఊళ్ళో లేదు, ఆ పిల్లకి తెలీదు. అనేదేదో నన్ననండి. వస్తువు మాత్రం మార్చి ఇవ్వండి. అది ఎంత ముచ్చటపడి కొనుక్కుందో."

నిన్న నా చేత మాట పడిన మనిషి ఇవాళ పరాయివాడి ముందు నా తరఫున నిలబడి బతిమాలుతోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను సంచిలోంచి మెత్తటి గుడ్డ తీశాడు. ముందు బొట్టు తుడిచాడు, పోయింది. కింద మూలలు రెండూ తుడిచాడు, పోయింది. కుడి పై మూల తుడిచాడు, అదీ పోయింది. ఎడమ పై మూల తుడిచాడు. పైన ఉన్న పసుపు పోయింది గానీ, రేకూ అంచూ కలిసే చోట వేలెడు పొడుగు పచ్చటి గీత మిగిలిపోయింది. మూల దగ్గర లావుగా మొదలై, పోనుపోను సన్నబడి మాయమైంది. గుడ్డ మడిచి మళ్ళీ రుద్దాడు. గీత చెక్కుచెదరలేదు.

"ఇలా రండి మేడంగారూ" అన్నాడు. నేను తీర్పు వినడానికి వెళ్ళినట్టు వెళ్ళాను. "ఫోటోలో కనపడట్లేదని మావాళ్ళు మూడ్రోజులు తిప్పేరు కదండీ? ఇప్పుడు చూడండి." ఫోనుతో ఒక ఫోటో తీసి నా ముందు పెట్టాడు. వెండి మూత మీద పచ్చటి గీత, గుడ్డివాడికి కూడా కనపడేటట్టు ఉంది. "అతుకు బిగువుగా ఉన్నచోట పసుపు దిగదు కదండీ. మూడు మూలల్లో దిగలేదు, ఇక్కడ దిగింది. ఇంకేం రుజువు కావాలండి?"

"మరి మరక పడిందని అనరాండీ?" అన్నాను.

"రాసేది నేనే కదండీ. సందుంది, అంచేత దిగిందని రాస్తాను. నా సామాను సంచికే మా అమ్మగారు బొట్టు పెట్టి పంపించేరు, చూడండి." నిజమే, సంచి బొందు దగ్గర ఎర్రటి మచ్చ ఉంది. తరవాత అత్తయ్యగారి వైపు తిరిగి, "కోడలుగారు నలభై ఫోటోలతో చూపించలేనిది మీరు వేలితో చూపించేసేరండి" అన్నాడు.

"అయితే మారుస్తారా?" అన్నారు ఆవిడ.

"ఆయ్, మార్చేస్తారండి."

ఆవిడ అతనికి కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చారు. సాయంత్రం సంగతి విని మా ఆయన పడీపడీ నవ్వారు. ఊరందరికీ చెప్పుకున్నారు కూడా. మార్కెట్లో ఎవరైనా గెల మీద మచ్చ చూపిస్తే, "ఆగండి, మా అమ్మని పసుపు రాయమంటాను, మచ్చో కాదో తేలిపోద్ది" అంటున్నారట.

అందరూ నవ్వారు, అత్తయ్యగారు కూడా నవ్వారు. కానీ ఆవిడ అటకెక్కించేసిన తన పసుపు డబ్బా మాత్రం కిందకి దిగలేదు. మరుసటి శుక్రవారం కూడా వంటలోకి వాడే పసుపుతో గడప నేనే రాశాను, మళ్ళీ కొలిచినట్టే వచ్చింది. వస్తువు మారుతుందన్న మాట ఆవిడకి ఊరట ఇచ్చింది గానీ, పాడుచేసేరు అన్న మాట మాత్రం మారలేదు. అది నేను అన్నది, నేనే వెనక్కి తీసుకోవాలి. దానికి గడువు దాటిపోతోందని నాకు రోజూ అనిపించేది.

ఆ తరవాతి బుధవారం రెండో పెట్టె వచ్చింది. ఈసారి అత్తయ్యగారు నా వెనక నిలబడలేదు. వంటింటి గుమ్మం దగ్గరే ఆగి, చేతులు కొంగులో దాచుకుని చూస్తున్నారు. నేను బయటికి తీసి, శుభలేఖ పట్టుకుని నాలుగు మూలలా పరీక్ష పెట్టాను. ఎక్కడా దూరలేదు. మూత వేసి చూశాను, కిందిదానికి సమంగా కూర్చుంది. మీటలన్నీ తిన్నగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుంటూ తిప్పాను. మూత కుడి అంచున, కింద మూల దగ్గర, ఆవగింజంత సొట్ట. రంగు లేచిపోయి లోపలి తెలుపు కనపడుతోంది. కొత్త వస్తువుకి అది ఉండకూడదు. నా వేలు దాని మీద ఆగిపోయింది.

"సందేమన్నా ఉందామ్మా?" అని గుమ్మం దగ్గర్నుంచి వినపడింది.

తల ఎత్తి చూశాను. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, పరీక్ష రాసింది తనే అన్నట్టు. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ ఫోటోలు, మళ్ళీ పెట్టె. మళ్ళీ గుమ్మం దగ్గర ఈ మనిషి ఇలాగే. నేను ఆ సొట్ట మీద బొటనవేలు పెట్టి మూసేశాను.

"ఏం లేదండి. చక్కగా ఉంది. పసుపు తీసుకురండి."

"తొందరపడకు. బాగా చూసుకో. రాసేక ఇంక వెనక్కి వెళ్ళదు మరి."

"చూసేనండి. వెనక్కి పంపను. ఆ రోజు నేను అలా అని ఉండకూడదు అత్తయ్యగారూ. మీరు పాడుచెయ్యలేదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు. లోపల అటక మీంచి డబ్బా దింపిన చప్పుడు, మూత తీసిన చప్పుడు వినిపించాయి. గిన్నెతో వచ్చి, "నీళ్ళు తగ్గించి కలిపేను, లోపలికి దిగదు" అన్నారు. నాలుగు మూలలా రాశారు. ఆవగింజ సొట్ట కూడా పసుపు కిందకి పోయింది. తరవాత కుంకుమ తీసుకుని, బాగాలేని కన్ను మూసి, బాగున్న కంటిని మూత దగ్గరదాకా తెచ్చి, వేలు వణక్కుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, బొట్టు పెట్టారు. అది కుడిపక్కకి రెండు వేళ్ళు జరిగి పడింది. వినాయకుడైతే ఐదువందల కార్డులూ మళ్ళీ వేయించేదాన్ని.

"మధ్యలోనే పడిందా?" అన్నారు.

"మధ్యలోనేనండీ" అన్నాను.

గిన్నెలో పసుపు ఇంకా మిగిలింది. ఆవిడ దాన్ని ఒకసారి చూసుకుని, కొంగు బొడ్లో దోపుకుని, వెళ్ళి వీధి గడప ముందు కూర్చున్నారు. ఆ వేళ శుక్రవారం కాదు, ఉత్త బుధవారం.